మన అక్షరమునకు తగిన పనిముట్టు

(పెదకూరపాడు విద్యార్థి యువజనుల సభలో గావించిన ఉపన్యాసపాఠము)



పనిముట్టు నెన్నుకొనుట అల్పవిషయమని పలువురు తలంతురు. మన రైతు అట్లు తలంపడు. ఈ పెదకూరపాటి నల్లరేగడిలో గొర్రుతో జరుగవలసిన పని గుంటకతో జరుగదనియు, గుంటకతో తీరవలసినది నాగలితో తీరదనియు ఆతడెరుగును. నేలను చూచి, పదునును చూచి, వేయబోవు పైరును చూచి పనిముట్టును బయటకు తీయును. ఇంతటి వివేకము గల జనులమయ్యును, కంప్యూటరుపై ప్రోగ్రాములు తయారుచేయు సాధనముల విషయమున మాత్రము, ఎవరో చేతికిచ్చినదానిని పుచ్చుకొని, అది మన నేలకు తగునో తగదో విచారింపక కాలము గడపుచున్నాము. ఆ విచారణయే నేటి మా ప్రసంగము.

మేము వృత్తిచే న్యాయవాదులము, ఇంజనీర్లము కాము. ఈ ప్రస్తావన మీకేల యని మీరడుగవచ్చును. మా వృత్తియే మమ్ము దీనిలోనికి దింపినది. కోర్టుల వాకిళ్ల యెదుట నున్న టైపింగు కొట్లలో ఎన్నో యేండ్లుగా తెలుగు పత్రములు కంప్యూటరుపై తయారగుచున్నవి. క్రయ ఒప్పందములు, వీలునామాలు, భాగపరిష్కార పత్రములు, అర్జీలు, ఒకటేమి, కుటుంబముల ఆస్తిపాస్తులన్నియు ఆ వ్రాతలలో నున్నవి. వానిలో పెక్కింటిని యూనికోడునకు పూర్వపు పద్ధతి ఫాంట్లతో కూర్చిరి. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరములకు కేటాయించిన గడులలో తెలుగు అక్షరముల బొమ్మలు నిలుపబడును. కాగితముపై అచ్చు పడినంతవరకు అది తెలుగే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలును తెరచినచో మిగులునది అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. కక్షిదారు పేరు వెదకిన దొరకదు. ఊరి పేరు వెదకిన దొరకదు. వ్రాసినవాడు తెలుగువాడు, చదువువాడు తెలుగువాడు, కాని యంత్రమున నిలిచిన వ్రాత మాత్రము తెలుగు కాదు.

1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణముననే తెలుగు లిపికి 128 సంకేతస్థానముల వరుస లభించినది. అనగా ప్రపంచ ప్రమాణమున మనకు చోటు దొరకి మూడు దశాబ్దములు దాటినది. అయినను ఆ చోటును వాడుకొను ప్రోగ్రాములు మన కార్యాలయముల మేజాలపై చాలినన్ని లేవు. అవి ఎవరో దయతలచి పంపవలసినవి కావు. మీవంటి యువకులు, యువతులు తయారుచేయవలసినవి. చేయుటకు కావలసిన సాధనములు ధర్మసత్రమువలె తలుపులు తెరచియున్నవి. వానిలో దేనిని చేపట్టవలెనన్నదే ప్రశ్న.

సెల్‌ఫోను లోకమును ఏలుచున్న కాలమున డెస్కుటాపు ప్రోగ్రాము మాట యేల యని కొందరందురు. మిర్చి కమీషను లెక్క, గ్రంథాలయపు పుస్తకముల పట్టిక, వకీలు ఆఫీసు కేసుల డైరీ, సహకార సంఘపు సభ్యుల జాబితా: ఇవి అరచేయి వెడల్పు తెరపై సాగు పనులు కావు. వరుసలు పొడవు, అచ్చు తీయవలెను, ఇంటర్నెట్టు లేని గడియలో సైతము పని ఆగరాదు, లెక్క మన ఇంటి పెట్టెలోనే యుండవలెను. ఇట్టి పనులకు మేజాపై కంప్యూటరే నేటికిని తగిన స్థానము.

ఇక సాధనములను తూచుటకు నాలుగు రాళ్లను మీ ముందుంచుచున్నాము. మొదటిది: అది తెలుగును తప్పులేక చూపునా, వ్రాయనిచ్చునా, అచ్చు వేయునా? రెండవది: పాత కంప్యూటరుపై, నాలుగు జీబీల మెమొరీతో, ఇంటర్నెట్టు లేకయే నడచునా? మూడవది: దాని లైసెన్సు మనకు ఏ హక్కుల నిచ్చుచున్నది, ఏ బాధ్యతల పెట్టుచున్నది? నాలుగవది: నేర్చుకొనువానికి దారి సుగమమా? నగరములలో ఈ సాధనములను పోల్చువారు వేగమును, సొగసును, కొలువులను ముందు చూతురు. అది వారి నేల. మనకు మాత్రము మొదటి రాయి తూగనిచో తక్కిన మూడును తూచబనిలేదు.

మొదటి రాయి ఎంత బరువైనదో ఒక్క మాటతో చూడుడు. ‘స్త్రీ’ అని వ్రాయుదుము. కంటికది యొక అక్షరము. కంప్యూటరులో నది ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘ ఈకారపు గుర్తు. ఈ ఆరింటిని గ్రహించి, ఏది తలకట్టు స్థానమున నిలువవలెనో, ఏది క్రింద వత్తుగా దిగవలెనో నిర్ణయించు శిల్పి యొకడు ప్రోగ్రాములో నుండవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లోకమున ఆ శిల్పి పేరు హర్ఫ్‌బజ్. పారసీకమున హర్ఫ్ అనగా అక్షరము, బాజ్ అనగా తెరువబడినది. ఇరానులో జన్మించిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ దీని ప్రధాన నిర్మాత. నేడు క్రోము, ఫైర్‌ఫాక్సు, లిబ్రెఆఫీసు, ఆండ్రాయిడు, అన్నింటను తెలుగు వత్తులను కూర్చుచున్నది ఇదియే. మన అక్షరమును నిలిపినవాడు మన దేశస్థుడు కాడు, మనలను ఎరుగడు, అయినను ఆతని పనిని మనము చదువవచ్చును, సరిదిద్దవచ్చును. ఇదియే తెరచిన మూలపాఠమునకు అర్థము.

మూసిన మూలపాఠమునకు అర్థము 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. జ్ఞ సంయుక్తాక్షరముతో కూడిన ఒకానొక తెలుగు అక్షరక్రమము ఆపిల్ సంస్థ ఐఫోనుల తెరపైకి వచ్చినంతనే సందేశముల ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆ సంస్థవారి మాక్ కంప్యూటర్లును ఈ దోషమునకు లోనైనవి. తెలుగు తెలియని దేశములలో సైతము ఆకతాయిలు ఆ యక్షరమును పంపి వినోదించిరి. ఆపిల్ వారు ఫిబ్రవరి 19వ తేదీన సవరణ విడుదల చేసిరి. త్వరితముగనే చేసిరని ఒప్పుకొనవలెను. కాని అంతవరకు తెలుగు నెరిగిన పండితుడైనను, ఇంజనీరైనను చేయగలిగినది లేదు. దోషము మన అక్షరమున బయటపడినది. మరమ్మతు చేయు తాళపుచెవి మాత్రము మన చేత లేదు. తెరచిన సాధనములలో దోషములుండవని మేమనము. ఉండును. ఉన్నపుడు చూపుటకును, దిద్దుటకును మనకు అధికారము కలదనియే మా వాదము.

ఇపుడు సాధనములను ఒక్కొక్కటిగా తూకమునకు తెచ్చెదము.

మొదట టీకే. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున జాన్ ఔస్టర్‌హౌట్ 1990 ప్రాంతమున రూపొందించినది. పైథాను నేర్చువారికి ‘టికింటర్’ అను పేర పరిచితము, పైథానుతోనే వచ్చును, చిన్నది, తేలిక, లైసెన్సు ఉదారము. ఒక్క దినమున కిటికీని, మీటను తెరపై నిలుపవచ్చును. కాని లినక్సుపై టీకే చిరకాలము అక్షరముల కూర్పును పట్టించుకొనక, సంకేతములను వరుసగా పేర్చుచు వచ్చినది. అట్టి చోట ‘స్త్రీ’ విరిగిపోవును. రెండవ రాయిపై, నాలుగవ రాయిపై నెగ్గి, మొదటి రాయిపై ఓడిన పనిముట్టు ఇది. అభ్యాసమునకు చేపట్టుడు, తెలుగు దస్తరమునకు మాత్రము పరీక్షింపక వాడకుడు.

రెండవది జీటీకే. బర్క్‌లీలోనే స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అను విద్యార్థులు గింప్ అను చిత్రలేఖన ప్రోగ్రాము నిమిత్తము దీనిని కట్టిరి. 1997లో ఆరంభమైన గ్నోమ్ దీనినే పునాదిగా గైకొన్నది. ఇందు అక్షరవిన్యాసము చేయు భాగము పేరు పాంగో. గ్రీకున ‘పాన్’ అనగా సర్వము, జపానీయమున ‘గో’ అనగా భాష. పాంగో హర్ఫ్‌బజ్‌ను ఆశ్రయించును గనుక తెలుగు చక్కగా నిలుచును, అచ్చునందును చెడదు. లినక్సుపై ఇది స్వగృహమందున్నట్లుండును. విండోసుపై మాత్రము చుట్టపుచూపుగ వచ్చిన బంధువువలె నుండును. తోడ తెచ్చుకొను సామాను ఎక్కువ. మీ కార్యాలయమంతయు లినక్సుపై నడచుచో జీటీకేను నిస్సంకోచముగా చేపట్టవచ్చును.

మూడవది క్యూట్. నార్వే దేశమున హావర్డ్ నార్డ్, ఐరిక్ షాంబె-ఎంగ్ అనువారు 1991లో మొదలిడి, 1995లో లోకమునకు విడిచిరి. విండోసు, మాక్, లినక్సు మూడింటిపైనను ఒకే వ్రాతతో నడచును. తెలుగు కూర్పునకు హర్ఫ్‌బజ్ కలదు. కిటికీలు, పట్టికలు, అచ్చు, డేటాబేసు, అనువాదపు సదుపాయము అన్నియు ఒక్కచోట దొరకును. పైథాను తెలిసినవారు సీ ప్లస్ ప్లస్ జోలికి పోకయే దీనిని వాడవచ్చును. పరిమాణమున పెద్దది, నేర్చుటకు నెలలు పట్టును, అయినను పాత కంప్యూటరుపై భరింపదగినదే.

నాలుగవది ఎలెక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ వారు తమ ఆటమ్ ఎడిటరు కొరకు కట్టినది. వెబ్ పేజీలు వ్రాయనేర్చినవాడు ఆ విద్యతోనే డెస్కుటాపు ప్రోగ్రాము చేయవచ్చును. మీలో పలువురు వాడు వీఎస్ కోడ్ ఇట్లు పుట్టినదే. లోపల క్రోమియం బ్రౌజరే యున్నది గనుక తెలుగు తీరు నిర్దోషము. కాని ప్రతి చిన్న ప్రోగ్రాము తనతో ఒక పూర్తి బ్రౌజరును మోసికొని వచ్చును. కవిలెకట్ట చదువుటకు కచ్చేరినంతయు బండిపై తెచ్చుకొన్నట్లుండును. నూరు మెగాబైట్లకు మించిన పెట్టె, మెమొరీకి అమితమైన ఆకలి. క్రొత్త యంత్రములున్న చోట చెల్లును. నాలుగు జీబీల యంత్రమున రెండు మూడు ఇట్టివి తెరచినచో దస్తరము నత్తనడక నడచును.

ఈ బరువును తగ్గింప తలచి వచ్చినది టౌరీ. 2022లో దాని తొలి స్థిరరూపము వెలువడినది. తన బ్రౌజరును మోయక, యంత్రమున నున్న వెబ్ వ్యూనే వాడుకొనును. ప్రోగ్రాము చిన్నదగును, కాని తెలుగు తీరు ఆ యంత్రమున నున్న వెబ్ వ్యూపై ఆధారపడును గనుక విండోసున ఒకసారి, లినక్సున ఒకసారి వేరువేరుగా పరీక్షింపవలెను. గూగుల్ వారి ఫ్లట్టర్ కూడ 2022లో మూడు డెస్కుటాపులపైనను స్థిరపడినది. ఒకే ప్రోగ్రాము ఫోనుపైనను, మేజాపైనను కావలసినవారికి అది తగును. మైక్రోసాఫ్టు వారు 2018 డిసెంబరున తమ విన్‌ఫార్మ్స్, డబ్ల్యూపీఎఫ్ మూలపాఠములను తెరచిరి. మెచ్చదగిన పని. కాని అవి విండోసుపై తప్ప నడువవు. వాకిలి తెరచిరి; ఇల్లు మాత్రము వారి వీధిలోనే యున్నది.

ఇక మూడవ రాయి. ఇచ్చట మా వృత్తి కొంత మీకు ఉపకరింపగలదు. మన 1957 నాటి కాపీరైటు చట్టమున, సాహిత్యకృతి యను మాటకిచ్చిన నిర్వచనమున కంప్యూటరు ప్రోగ్రాము చేరియున్నది. కావున ప్రోగ్రాము వ్రాసినవానికి కవికున్నంత హక్కు కలదు. ఆ చట్టమునందే 63బి సెక్షను కలదు. అక్రమప్రతి యని తెలిసియు ఒక ప్రోగ్రామును కంప్యూటరుపై వాడినచో, ఏడు దినములకు తగ్గక మూడేండ్లవరకు ఖైదు, ఏబదివేలకు తగ్గక రెండు లక్షల వరకు జుల్మానా విధింపవచ్చును. వ్యాపారలాభము లేని యెడల కోర్టు కారణములు వ్రాసి ఖైదును విడువవచ్చునుగాని, జుల్మానా భయము తొలగదు. ఇరువదివేల రూపాయల కంప్యూటరుపై అంతకు మించిన వెల గల దొంగప్రతులను పెట్టుకొని బ్రతుకుచున్న చిన్నకొట్లవారు ఎందరో కలరు. వారు నేరబుద్ధి గలవారు కారు. వేరుదారి కలదని ఎవరును చెప్పనివారు. ఆ దారిని చూపుటయే మీ పని.

తెరచిన సాధనములన్నిటికిని లైసెన్సు ఒక్కటి కాదు. ఎంఐటీ, బీఎస్‌డీ తరహా లైసెన్సులు ‘వాడుకొనుడు, మా పేరు చెరుపకుడు’ అని మాత్రమే కోరును. ఎలెక్ట్రాన్, ఫ్లట్టర్ ఈ కోవలోనివి. జీపీఎల్ మరొక మెట్టు ఎక్కును: దీనిపై కట్టినదానిని పరులకిచ్చునపుడు నీ మూలపాఠమును కూడ ఇమ్మనును. ఎల్‌జీపీఎల్ నడుమ దారి: సాధనమును మార్చినచో ఆ మార్పును బయటపెట్టుము, దానిని ఆనుకొని నీవు వ్రాసినది నీ ఇష్టము. జీటీకే ఎల్‌జీపీఎల్ క్రింద నున్నది. క్యూట్‌లోని పెక్కు భాగములు ఎల్‌జీపీఎల్, చార్టులు గీయు భాగమువంటి కొన్ని జీపీఎల్. పైథానునుండి క్యూట్‌ను వాడుటకు రెండు వంతెనలున్నవి. పైక్యూట్ అనునది జీపీఎల్ లేక సొమ్ము చెల్లించు లైసెన్సు. పైసైడ్ అనునది ఎల్‌జీపీఎల్. పేరులో రెండక్షరముల భేదము. బాధ్యతలో పర్వతమంత భేదము. ఒప్పందము చదువక సంతకము చేయరాదని కక్షిదారులకు చెప్పు మాటనే మీకును చెప్పుచున్నాము.

క్యూట్ చరిత్రయే ఇందులకు పాఠము. తొలినాళ్ల దాని లైసెన్సు స్వేచ్ఛాయుతము కాదు. 1996లో కేడీఈ వారు దానిపై తమ డెస్కుటాపును కట్ట నారంభింపగా, పరుని స్థలమున ఇల్లు కట్టుచున్నారని పలువురు ఆందోళన చెందిరి. గ్నోమ్ పుట్టుకకు ఆ భయమే కారణము. 1998లో కేడీఈ వారు, క్యూట్ యజమానులు కూడి ఒక ధర్మనిధివంటి సంస్థను స్థాపించిరి: యజమానులు ఎన్నడైన స్వేచ్ఛాప్రతిని విడుచుట మానినచో, ఆ మూలపాఠమును ఉదారమైన లైసెన్సుతో విడుదల చేయు అధికారము ఆ సంస్థకు కలదు. 2000లో జీపీఎల్, 2009లో ఎల్‌జీపీఎల్ వచ్చినవి. యాజమాన్యము 2008లో నోకియాకు, 2012లో డిజియాకు, తరువాత క్యూట్ కంపెనీకి మారినను పునాది కదలలేదు. 2021లో పాత ప్రతుల దీర్ఘకాల సవరణలను ముందు సొమ్ము చెల్లించువారికే పరిమితము చేసిరి, అదియును ఎరిగియుండవలెను. యజమాని మంచితనముపై గాక, వ్రాతపూర్వకమైన హక్కుపై నిలిచిన స్వేచ్ఛయే నిలుకడ గలది.

ఈ మాట పల్నాటికి క్రొత్తది కాదు. 1921-22లో ఈ సీమ రైతులు, తరతరములుగా పశువులను మేపుకొన్న అడవికి పుల్లరి చెల్లింప నిరాకరించిరి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులకు బలియయ్యెను. ఉమ్మడి బీడుపై కంచె వేసి, మేతకు వెల కట్టుట అన్యాయమని వారి వాదము. అయితే పుల్లరి వేరు, కూలి వేరు. నాగలి చెక్కిన వడ్రంగికి గింజలు కొలువవలసినదే. ప్రోగ్రాము వ్రాసిన యువకునకు, దానిని మరమ్మతు చేసిన యువతికి ప్రతిఫలము ఈయవలసినదే. ఆంగ్లమున ఒకే మాట ఉచితమునకును స్వేచ్ఛకును చెల్లుటచే వారికి చిక్కు కలిగినది. తెలుగున రెండు మాటలు వేరుగా నున్నవి. తెలుగులో గ్నూ లినక్సు వ్యవస్థను రూపొందించిన మన రాష్ట్రముల ఉద్యమకారులు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ యనియే పేరిడుకొనిరి. ఆ వివేకమును మనము మరువరాదు.

ఇది కలలోని మాట యని సంశయించువారికి రెండు నిదర్శనములు చాలును. 2007లో ఆరంభమైన ఈ-కోర్టుల ప్రణాళికలో సుప్రీంకోర్టు ఈ-కమిటీవారు న్యాయాధికారుల కంప్యూటర్లకు ఉబుంటు లినక్సును స్వీకరించిరి. కేసుల వివరములు నడపు వ్యవస్థయు స్వేచ్ఛా సాధనములపైననే కట్టబడినది. పొరుగున కేరళ పాఠశాలలలో పిల్లలు లినక్సుపైననే కంప్యూటరు నేర్చుచున్నారు. ఫాంట్లకును కొదువ లేదు. మండలి, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, రామభద్ర ఇత్యాది నామములతో యూనికోడు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో లభించుచున్నవి. అక్షరము సిద్ధము, సాధనము సిద్ధము. చేయి సాచువాడు మాత్రము కావలెను.

మా తీర్పు వినుడు. విండోసు, లినక్సు రెండును కలసియున్న మన ఊళ్ల దస్తరములకు పైసైడ్ ద్వారా క్యూట్ ప్రథమము. లినక్సు మాత్రమే యున్నచోట జీటీకే దానికి సమానము. వెబ్ విద్య మాత్రమే యెరిగిన బృందమునకు, యంత్రములు క్రొత్తవైనచో ఎలెక్ట్రాన్, పాతవైనచో టౌరీ. ఫోను కూడ ముఖ్యమైనచో ఫ్లట్టర్. టీకే బడిపలక, పలకపై దస్తావేజు వ్రాయరాదు. ఈ తీర్పుపై అప్పీలు కలదు: మీ స్వంత పరీక్షయే ఆ పై కోర్టు.

ఆ పరీక్ష యిట్లు చేయుడు. స్త్రీ, జ్ఞానము, క్ష్మాపతి, కార్త్స్న్యము, ఱంపము, పెదకూరపాడు అను మాటలను ఎన్నుకొనిన సాధనమున టైపు చేయుడు. వత్తులు నిలిచినవా? వెనుకకు చెరుపునపుడు అక్షరము సక్రమముగా తొలగుచున్నదా? అకారాది క్రమమున అమరినవా? పీడీఎఫ్‌గా మార్చి, అందుండి మాటను ఎత్తి వ్రాసినపుడు చెడక వచ్చినదా? ‘స్టేషన్‌లో’ అని పొల్లు నిలుపుటకు మనము వాడు కనబడని సంకేతమొకటి కలదు. అది యున్న మాటయు లేని మాటయు చదువువానికి ఒక్కటే, వెదకు యంత్రమునకు వేరు. పేర్ల పట్టికలో దీనిని సరిచూడకున్నచో ఒకే రైతు ఇద్దరుగా నిలుచును. తెలుగు నెరుగని ఇంజనీరు ఈ లోపమును కలలోనైన ఊహింపడు. మీరే చూడవలెను.

పని చిన్నదిగా మొదలిడుడు. ఒక గ్రంథాలయపు పుస్తకపట్టిక చాలును: పేరు, కర్త, ఎవరు తీసికొనిపోయిరి, ఎపుడు తెచ్చిరి. దానిని యూనికోడు తెలుగున, తెరచిన సాధనముతో, మూలపాఠముతో సహా ఊరికి అప్పగింపుడు. మీరు కొలువునకై హైదరాబాదుకో, అమెరికాకో పోయినను, మీ తరువాతి విద్యార్థి ఆ మూలపాఠమును తెరచి చదివి, ముందునకు నడపవలెను. వ్రాసినవాడు పోయినంతనే మూతపడు ప్రోగ్రాము ఊరికి ఆస్తి కాదు, అప్పు.

వీలునామా చెల్లవలెనన్న, దానిని చదువగలిగిన వారసుడుండవలెను. నేడు మనము యంత్రములలో వ్రాయుచున్న లెక్కలు, పేర్లు, ఒప్పందములు ముప్పదియేండ్ల తరువాత మన బిడ్డలు చదువగలరా లేదా యన్నది, నేడు మీరు చేతబట్టు పనిముట్టుపై నాధారపడియున్నది. నేలనెరిగి నాగలి పట్టిన వారి బిడ్డలు మీరు. అక్షరమునెరిగి సాధనమును పట్టుదురుగాక!